దంతమ్మ పక్క మీద చేప

ఒక పెద్ద అడవిలో రైలు నడిచేది.

అడవిలో రైలేమిటి, పట్టాలు ఎవరు వేశారు అని అప్పుడే చేతులెత్తకండి, చెబుతాను. నాలుగు ఏనుగులు ఒకదాని వెనక ఒకటి నిలబడి, ముందున్నదాని తోకను వెనకది తొండంతో పట్టుకుంటే అదే రైలు. అన్నిటికన్నా ముందుండే ఏనుగు ఇంజను. మిగిలిన మూడూ పెట్టెలు. పొద్దున కొండ కింద బయలుదేరి, ఎండెక్కేసరికి ఏటి రేవుకు చేరేది. చల్లబడ్డాక మళ్ళీ కొండకు వచ్చేది. కుందేళ్ళు, తాబేళ్ళు, ముసలి కోతులు, నడవలేనివాళ్ళు, నడవడం ఇష్టం లేనివాళ్ళు అందరూ ఎక్కేవారు. రైల్లో ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ తినకూడదని నియమం. దిగాక ఎవరి కాళ్ళ బలం వాళ్ళది.

ఆ రైల్లో ఆఖరి పెట్టె పేరు దంతమ్మ. పేరుకు దంతమ్మే గాని దంతాలు లేవు. మన వైపు ఆడ ఏనుగులకు బయటికి కనిపించే దంతాలు ఉండవు. పుట్టినప్పుడు వాళ్ళమ్మ ఆశకొద్దీ పెట్టుకున్న పేరు అది. ముందు నడిచే ఇంజను దంతమ్మకు సొంత అక్క. ఆమెను అందరూ ఇంజనమ్మ అనేవారు.

అడవికి ఒక మండలి కూడా ఉండేది. అధ్యక్షుడు పెద్దపులి చారలరాయుడు. కార్యదర్శి నక్క జంబుకేశం. మండలిలో రాయుడుగారు చేసే పనులు రెండే. ఒకటి కునుకు తీయడం. రెండు, లేచాక కార్యదర్శి చూపించిన తాటాకు మీద పంజా ముద్ర వేయడం. మిగిలిన పనులన్నీ జంబుకేశానివి.

ఇక్కడ ఆ మండలి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. పంజా ముద్ర పడిన ఆకు ఇక మారదు. తప్పు రాసి ఉంటే ఆ తప్పునే నిజమనుకోవాలి. ఒకసారి పొరపాటున ఒక తాబేలును పక్షి అని రాసి ముద్ర వేశారు. ఆ తాబేలు ఇప్పటికీ ఏటా పక్షుల సమావేశానికి వెళ్ళి, ఒక మూల కూర్చుని, ఎవరైనా పలకరిస్తే "ఈ ఏడు ఎగరడం కుదర్లేదండీ" అని చెప్పి వస్తుంది.

ఒక వేసవిలో జంబుకేశానికి ఒక ఆలోచన వచ్చింది. రైలు మీద మండలి పేరు లేకపోతే ఎలా?

కోతుల చేత సున్నపురాయి నూరించాడు. ఒక్క స్నానానికి చెరిగిపోకుండా అందులో వేపబంక కలిపించాడు. మొదటి మూడు ఏనుగుల పక్కల మీద "చారలరాయుడుగారి దయవల్ల నడుస్తున్న రైలు" అని రాయించాడు. అంతకు ముందు పదిహేనేళ్ళు ఆ రైలు ఎవరి దయా లేకుండానే నడిచింది. కాని ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

దంతమ్మ మిగిలింది. ఆమె కుడి పక్క మీద "పర్యవేక్షణ: జంబుకేశం" అని రాయించుకున్నాడు. ఆ అక్షరాలు రాయుడుగారి పేరు కన్నా జానెడు పెద్దవి.

రాస్తున్నంతసేపూ ఏనుగులు కదలకుండా నిలబడ్డాయి. మీ ఒంటి మీద రాయమంటారా అని వాటిని ఎవరూ అడగలేదు. గోడను అడిగి ఎవరైనా రాస్తారా?

రేవులో రైలు ఆగే చోట ఒక మద్ది చెట్టు ఉంది. ఆ చెట్టు తొర్రలో రేగమ్మ అనే ఉడత ముగ్గురు పిల్లలతో కాపురముండేది. రేగమ్మ మంచిది, పనిమంతురాలు. కాని ఒక పిచ్చి ఉంది. తోకను రంగులో ముంచి, వెడల్పుగా ఏది కనిపిస్తే దాని మీద బొమ్మ వేసేది. మోదుగుపూలు నలిపితే నారింజ రంగు. బచ్చలి పళ్ళు పిండితే ఊదా రంగు. బొగ్గు ఉండనే ఉంది. ఉడత తోకకు మించిన కుంచె ఎక్కడ దొరుకుతుంది? బండల మీద వేసింది, పుట్టల మీద వేసింది. నిద్రపోతున్న అడవిపంది వీపు మీద తామరపువ్వు వేస్తే, పాపం ఆ పంది వారం రోజులు తుమ్మెదల్ని తోలుకుంటూ తిరిగింది.

ఒక మధ్యాహ్నం దంతమ్మ రేవులో నిలబడి నిద్రపోతోంది. రేగమ్మ కొమ్మ మీద నుంచి చూసింది. అంత పెద్ద పక్క! ఎంత చదునుగా ఉంది! దాని మీద ఏవో తెల్ల గీతలు ఉన్నాయి. రేగమ్మకు చదువు రాదు. ఆ గీతలు చూస్తే ఆమెకు చేప పొలుసులు గుర్తొచ్చాయి.

"చేపలు పాపం ఎప్పుడూ రైలెక్కవు" అనుకుంది రేగమ్మ.

రంగులో కాస్త బంక కలిపి, రెండు గంటల్లో బొమ్మ పూర్తి చేసింది. గొడుగు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, రైల్లో దర్జాగా కూర్చున్న చేప. చేపకు కాళ్ళెక్కడివని అడక్కండి. ప్రయాణం కోసం తెచ్చుకుంది.

దంతమ్మకు నిద్రలో చక్కిలిగింతలు పెట్టినట్టయింది. ఈగలేమో అనుకుని తోక విసిరింది. అంతే.

సాయంత్రం రైలెక్కడానికి వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోయారు.

"ఓరి దేవుడో, మన రైలు పాడైపోయింది" అన్నాడు ముసలి కొండముచ్చు.

"పాడవలేదు తాతా, నిన్నటి కన్నా బాగుంది" అంది కుందేలు.

"బాగుండటం వేరు, పద్ధతి వేరు. ఎవరికి తోచింది వాళ్ళు గీసుకుంటూ పోతే అడవి ఏమైపోవాలి?"

"ఏమైపోతుంది? రంగు రంగుల అడవి అవుతుంది."

"రేపు నీ బొరియ మీద గీస్తారు, అప్పుడు తెలుస్తుంది."

"నక్క బొమ్మ గీస్తే ఒప్పుకోను. క్యారెట్ గీస్తే గీయనీ."

ఇంతలో జంబుకేశం వచ్చాడు. ముందు నవ్వాడు. తరవాత దంతమ్మ పక్కను ఆ చివర నుంచి ఈ చివరకు వెతికాడు.

"నా పేరేది?"

"పొలుసుల్లో ఉందండీ" అంది కుందేలు. "కొంచెం దగ్గరికొచ్చి చూడండి. ఆ మొప్ప కింద మీ 'కే' కనిపిస్తోంది."

జంబుకేశం మొహం మాడిపోయింది. "ఇది అడవి మీద దాడి!" అని అరిచాడు. దాడి చేసినవాళ్ళను పట్టుకోవడానికి అట్టే సేపు పట్టలేదు. మద్ది కొమ్మ మీద రేగమ్మ తోక నారింజ రంగులో దీపంలా వెలుగుతోంది.

మర్నాడు మండలి కూర్చుంది. బండ మీద రాయుడుగారు అప్పటికే ఒక కన్ను మూశారు. జంబుకేశం చట్టం చదివాడు.

"సర్వజంతువుల ఆస్తి మీద గీతలు గీసిన జంతువు ఏ అవయవంతో గీసిందో, ఆ అవయవానికి బోడిక్షవరం చేయబడును."

రేవులో ఎండ్రయ్య అనే ఎండ్రకాయ క్షవరాలు చేసేవాడు. తన కత్తెరలు రెండూ ఒకసారి టకటకలాడించాడు.

రేగమ్మ తోకను వెనక్కి దాచుకుంది. వెంట్రుకలే కదా, మళ్ళీ మొలుస్తాయి అనుకుంటారేమో. ఉడతకు తోక సింగారం కాదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకేటప్పుడు అదే చుక్కాని. బోడితోకతో దూకిన ఉడత అనుకున్న కొమ్మ మీద ఉండదు, కింద ఉంటుంది. కింద ఎవరెవరు తిరుగుతుంటారో మీకు తెలుసు. పైన తొర్రలో ముగ్గురు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

"అయ్యా" అంది రేగమ్మ చేతులు జోడించి, "ఒక మాట అడగొచ్చా? చెట్లు సర్వజంతువుల ఆస్తి కాదా?"

"అవును. అయితే?"

"ఆ టేకు చెట్టు మీద గోళ్ళ గీతలున్నాయి. నిలువుగా, నా ఎత్తుకు పది రెట్లు."

అందరూ టేకు చెట్టు వైపు చూశారు. తరవాత రాయుడుగారి గోళ్ళ వైపు చూశారు. తరవాత ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకున్నారు. రాయుడుగారు మూసిన కన్ను మూసే ఉంచి, తెరిచిన కన్ను కూడా మూశారు.

"అవి గీతలు కావు, హద్దులు" అన్నాడు జంబుకేశం. "హద్దులు లేకపోతే పాలన ఉండదు."

"మరి దుప్పులు కొమ్ములతో బెరడు గీకుతాయి కదండీ?"

"అది వ్యాయామం."

"మీరు పొద్దున్నే ప్రతి మొద్దు దగ్గరా ఆగి, కాలెత్తి..."

"అది హాజరు!" అని అరిచాడు జంబుకేశం. "విధి నిర్వహణ! దాన్నీ నీ చేపనూ ఒక గాటన కడతావా?"

అప్పుడు దంతమ్మ తొండమెత్తింది. "అయ్యా, నేనొక మాట చెప్పాలి."

"నువ్వు మాట్లాడకూడదమ్మా" అన్నాడు జంబుకేశం ఎంతో మర్యాదగా. "నువ్వు సాక్షివి కావు. ఆస్తివి. ఆస్తి మాట్లాడితే విచారణ ఎలా సాగుతుంది?"

దంతమ్మ తొండం దించుకుంది.

"బొమ్మ బాగుందంటున్నారు కదా జనం" అన్నాడు కొండముచ్చు, ఎటైనా ఒకటే అన్నట్టు. "కళ అయితే వదిలెయ్యొచ్చేమో. తెలిసినవాళ్ళను అడగండి."

తెలిసినవాడంటే కొంగ ధవళయ్య. ఏట్లో ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడితే ఏదో లోతుగా ఆలోచిస్తున్నాడని అడవంతా నమ్మేది. నిజానికి ఆయన ఆలోచించేది చేపల గురించే. దంతమ్మ పక్క మీద అంత పెద్ద చేపను చూడగానే ధవళయ్య గొంతు రెండుసార్లు కిందికీ పైకీ కదిలింది. తరవాత సర్దుకుని చెప్పాడు.

"చూడగానే అర్థమైతే అది ఉత్త బొమ్మ. ఎంతసేపు చూసినా అర్థం కాకపోతే అది కళ. ఈ చేప చేపలాగే ఉంది. గొడుగు గొడుగులాగే ఉంది. అందరూ నవ్వుతున్నారు. అర్థమైందన్నమాట. కాబట్టి ఇది కళ కాదు."

తీర్పు అయిపోయింది. ఎల్లుండి రేవులో, అందరి ఎదుట, తోకకు బోడిక్షవరం. రాయుడుగారు లేచి ఆవలించారు. ఆకు ఇంకా రాయలేదు కాబట్టి ముద్ర అప్పటికి వేయలేదు.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. ఎండ్రయ్య కత్తెరలు రాయి మీద నూరుతున్నాడు. రేగమ్మను మద్ది మొదట్లో కూర్చోబెట్టారు. ఆమె తోకను ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను నిమిరినట్టు నిమురుతోంది.

సరిగ్గా అప్పుడే ఏటికి అవతలి అడవి నుంచి అడవిదున్న గుమ్మడప్ప నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చాడు. ఆయన ఆ అడవికి అధ్యక్షుడు. చుట్టపుచూపుగా, చెప్పా పెట్టకుండా వచ్చాడు. రేవు ఎక్కి, దంతమ్మను చూసి, కొమ్ములు వెనక్కి విరిచి పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కాలు జారి మళ్ళీ ఏట్లో పడ్డాడు. లేచి వచ్చి మళ్ళీ నవ్వాడు.

"రాయుడుగారూ! ఎంత అదృష్టవంతులండీ మీరు! మా అడవిలో కళ అనేదే లేదు. ఉన్నదంతా దుమ్మే. ఇంత గొప్ప చేప మీ రైలెక్కి తిరుగుతుంటే ఒక్క కబురైనా పంపలేదేం?"

రాయుడుగారి మీసాలు వాటంతటవే నిటారుగా లేచాయి. "ఏదో, మా మండలి ప్రోత్సాహం" అన్నారు.

జంబుకేశం ధవళయ్య వైపు చూశాడు. ధవళయ్య గొంతు సవరించుకున్నాడు.

"మొన్న నేను కుడికాలి మీద నిలబడి చూశాను. ఈవేళ ఎడమకాలి మీద నిలబడి చూస్తే ఇది కళేనని తేలింది. చేప రైలెందుకు ఎక్కింది? దిగితే ఎక్కడ దిగుతుంది? ఎవరికీ తెలియదు. చాలా లోతు."

"ఎవరు వేశారండీ?" అని అడిగాడు గుమ్మడప్ప.

రేగమ్మ చటుక్కున లేచింది. "నే..."

ఆమె నోట్లో మాట నోట్లో ఉండగానే జంబుకేశం వంగి చెవిలో చెప్పాడు. "చూడు రేగమ్మా, బాగా ఆలోచించుకో. నువ్వు వేశానంటే అనుమతి లేకుండా గీసినట్టు. తోక పోతుంది. నేను వేశానంటే మండలి వేయించినట్టు. కళ అవుతుంది. నీ చేప బతకాలా, నీ తోక బతకాలా, లేక రెండూ పోవాలా?"

"అదే చేప కదండీ!"

"చేప అదేనమ్మా. గీసినవాళ్ళను బట్టి మారుతుంది."

ఎండ్రయ్య కత్తెరలు టకటకలాడాయి. తొర్రలోంచి మూడు చిన్న మొహాలు కిందికి చూస్తున్నాయి. రేగమ్మ తోకను గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

జంబుకేశం తన తోకను ముందుకు తిప్పుకుని, సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాడు. "ఏదో, ఈ పేదవాడి తోక చేసిన చిన్న ప్రయత్నమండీ."

"మీరా! ఈ తోకతోనా!" గుమ్మడప్ప ఆ తోకను ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "రాయుడుగారూ, వచ్చే పున్నానికి మా అడవికి విందుకు రావాలి. ఈ రైలు మీదే రావాలి. మావాళ్ళంతా చేపను చూడాలి."

ఆ పూటే ఆకు రాశారు. దంతమ్మ పక్క మీది చిత్రం జంబుకేశం స్వహస్తాలతో, అంటే స్వతోకతో వేసినది. రేగమ్మ రంగులు మోసినది. అంతే రాశారు. రాయుడుగారు పంజా ముద్ర వేసి, చిత్రం ఇకనుంచి అడవి నిధి అని నోటిమాటగా ప్రకటించారు. తోక దక్కింది కదా అని రేగమ్మ ఏడవలేదు. చేప పోయింది కదా అని నవ్వనూ లేదు.

నిధి అన్నాక నియమాలుంటాయి. ధవళయ్యే రాశాడు. నిధి తడవకూడదు, కాబట్టి దంతమ్మ స్నానం చేయకూడదు. నిధికి దుమ్ము తగలకూడదు, కాబట్టి ఒంటి మీద మట్టి చల్లుకోకూడదు. నిధి గీసుకుపోకూడదు, కాబట్టి చెట్టుకు ఒళ్ళు రుద్దుకోకూడదు. నిధి పక్కన ఈగలు వాలితే తోలవచ్చు గాని మెల్లగా తోలాలి.

ఏనుగు సంగతి మీకు తెలిసిందే. దానికి స్నానం, ఆ తరవాత మట్టి చల్లుకోవడం, మనకు అన్నం తిని నీళ్ళు తాగడం లాంటివి. మట్టి లేకపోతే ఎండకు చర్మం మండుతుంది, పురుగులు కుడతాయి. మిగిలిన మూడు ఏనుగులూ రోజూ ఏట్లో దిగి తొండాలతో నీళ్ళు చిమ్ముకుంటుంటే, దంతమ్మ ఒడ్డున నిలబడి చూసేది. పైగా రోజూ రేగమ్మ వచ్చి వెలిసిన చోటల్లా రంగు పూయాలి, జంబుకేశం పర్యవేక్షణలో.

"రేగీ" అని మెల్లగా పిలిచింది దంతమ్మ ఒకరోజు. "మొప్ప పక్కన కాస్త గట్టిగా పూయవే. అక్కడ దురద."

"అక్కా, నన్ను తిట్టుకుంటున్నావా?"

"నిన్ను తిట్టుకునే ఓపిక కూడా లేదే. ఇంకొంచెం కిందికి. ఆ, అక్కడే."

పద్దెనిమిది రోజులు గడిచాయి. దంతమ్మ నుంచి వచ్చే వాసనకు ఆ పెట్టె ఎవరూ ఎక్కడం మానేశారు. ముందు మూడు ఏనుగుల మీద కోతుల మీద కుందేళ్ళు, కుందేళ్ళ మీద తాబేళ్ళు కూర్చునేవారు. "గాలి వెనక నుంచి వీస్తే మేం నడిచే పోతాం" అన్నారు కొందరు.

పున్నం నాడు విందుకు ప్రయాణం. రాయుడుగారు మీసాలు దువ్వుకుని ఇంజనమ్మ మీద కూర్చున్నారు. పక్కన జంబుకేశం. వెనక ధవళయ్య. దంతమ్మ మీద ఎవరూ లేరు, చేపను చూసుకోవడానికి రేగమ్మ తప్ప. రైలు ఠీవిగా రేవుకు వచ్చింది. ఇంజనమ్మ ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టబోయింది.

"ఆగు!" అన్నాడు ధవళయ్య. "నిధి తడవకూడదు. నియమం."

"అవతలి అడవికి ఏరు దాటకుండా ఎలా వెళతాం?" అన్నారు రాయుడుగారు.

అందరూ ఏటి వైపు చూశారు. ఆ సంగతి నియమం రాసేటప్పుడు ఎవరికీ తట్టలేదు.

"ఆఖరి పెట్టెను ఇక్కడే వదిలేద్దాం" అన్నాడు జంబుకేశం.

"చేపను చూపించడానికే కదయ్యా వెళుతున్నది" అన్నారు రాయుడుగారు.

"తోక వదిలితే అది రైలు కాదు" అంది ఇంజనమ్మ. ఆమె మాట్లాడటం ఎవరైనా వినడం అదే మొదటిసారి. "మా చెల్లెలు నీళ్ళలో దిగితేనే నేను దిగుతాను." అని రేవులో నాలుగు కాళ్ళూ పాతినట్టు నిలబడింది. వెనక రెండూ నిలబడ్డాయి.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఏటికి అవతల గుమ్మడప్ప, ఆయన వాళ్ళు గరిక దండలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నడిచి వెళదామంటే అధ్యక్షులకు పరువు తక్కువ. రాయుడుగారికి చెమటలు పట్టాయి. దానికి తోడు గాలి వెనక నుంచి వీచింది.

"అబ్బ! ఏమిటయ్యా ఈ కంపు?"

"నిధి నుంచి వస్తోందండీ" అన్నాడు ధవళయ్య వినయంగా.

రాయుడుగారు ముక్కు మూసుకుని, దిగి, వెనక్కి వెళ్ళారు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆఖరి పెట్టె దగ్గర నిలబడి చూశారు. దంతమ్మ చర్మం పగిలి ఉంది. చెవుల వెనక ఈగలు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమ్మా, ఏమిటి నీ బాధ?"

"ఆస్తి మాట్లాడకూడదండీ!" అని అక్కడి నుంచే అరిచాడు జంబుకేశం.

"నోర్ముయ్. నువ్వు చెప్పమ్మా."

దంతమ్మ తొండమెత్తింది. "అయ్యా, మీరంతా ఇది కళా, పాడుచెయ్యడమా అని ఇన్నాళ్ళ నుంచి కొట్టుకుంటున్నారు. రెండిట్లో ఏదో నాకు తెలియదు. చేప బాగానే ఉంది. కాని ఇది నా ఒళ్ళు. ఆ తెల్లసున్నం రాసినప్పుడూ ఎవరూ అడగలేదు. ఈ చేపను వేసినప్పుడూ ఎవరూ అడగలేదు. చేపను కాపాడటానికి నన్ను ఎండగట్టినప్పుడూ అడగలేదు. నాకు స్నానం కావాలి."

రాయుడుగారు ఏటి అవతల గరిక దండల వైపు చూశారు. గరిక మీద ఆయనకు ఏ మోజూ లేదు గాని, తనకోసం ఎదురుచూసేవాళ్ళంటే మోజు. అప్పటికప్పుడు తీర్పు చెప్పేశారు. "ఇది కళ కాదు. ఆస్తిని పాడుచెయ్యడమే. అమ్మా, వెళ్ళి స్నానం చెయ్యి. ఇంతకీ దీన్ని గీసిందెవరు? ఆకు తీయండి."

ఆకు తీశారు. ధవళయ్య చదివాడు. "జంబుకేశం, స్వతోకతో."

జంబుకేశం తోక కాళ్ళ మధ్యకు పోయింది. "అయ్యగారూ! నేను కాదు! ఈ రేగమ్మ గీసింది! అడవంతా చూసింది! మీరే కదా మొన్న విచారణ చేశారు!"

రాయుడుగారికి విచారణ ఎలా గుర్తుంటుంది? "ఆకులో ఏముందో అదే నిజం. అయినా అడుగుతాను. ఏమ్మా ఉడతా, నువ్వా గీశావు?"

రేగమ్మ తన తోక వైపు చూసుకుంది. తొర్ర వైపు చూసింది. చాలా వినయంగా చెప్పింది.

"అయ్యా, కార్యదర్శిగారి చిత్రాన్ని నాదని చెప్పుకునేంత సిగ్గులేనిదాన్నా?"

"నాకు బొమ్మలు రావు మహాప్రభో! కావాలంటే చూడండి!" జంబుకేశం ఇసుకలో తోకతో చేపను గీశాడు. అది వంకాయలా వచ్చింది. కాసేపు చూస్తే వంకాయ కూడా కాదు.

ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి ఇసుక వైపు చూశాడు. "అదే తోక. సందేహం లేదు. కాకపోతే పరిణతి చెందింది. మొన్నటిది అర్థమయ్యేది. ఇది ఎవరికీ అర్థం కాదు."

ఎండ్రయ్య కత్తెరలు ముందే నూరి ఉన్నాయి. ఒక గడియలో జంబుకేశం తోక తామరతూడులా నున్నగా అయింది.

దంతమ్మ ఏట్లోకి దిగింది. ఎంత లోతుకు దిగిందంటే తొండం కొస తప్ప ఏమీ కనిపించలేదు. మిగిలిన మూడు ఏనుగులూ ఇసుకతో రుద్దాయి, నీళ్ళు చిమ్మాయి. నారింజ రంగు కాసేపు తేలి పోయింది. ఊదా రంగు పోయింది. గొడుగు పోయింది. జంబుకేశం పేరు అన్నిటికన్నా ముందే పోయింది. రేగమ్మ ఒడ్డున కూర్చుని, తన చేప నీళ్ళలో కలిసిపోయేదాకా చూసింది. తరవాత రైలు ఏరు దాటింది. అవతల గుమ్మడప్ప "చేపేదీ?" అని అడిగితే, "దిగాల్సిన చోట దిగిపోయింది" అని రాయుడుగారు చెప్పారట.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం రేగమ్మ మద్ది కొమ్మ చివరకు వచ్చింది. తోక నిండా ఆకుపచ్చ రంగు. కింద దంతమ్మ నిద్రకు సిద్ధమవుతోంది.

"అక్కా, ఒక చిన్న చిలుకను వేసుకోనా?"

దంతమ్మ ఒక కన్ను తెరిచింది. "ఈవేళ వద్దే. ఇప్పుడే మట్టి చల్లుకున్నాను. రేపు అడుగు."

"సరేనక్కా" అంది రేగమ్మ. అని తోకను చుక్కానిలా ఒక్కసారి తిప్పి, అవతలి కొమ్మకు దూకింది.

నీతి: గోడను అడిగి బొమ్మ గీయాలి, అడగడం కుదరకపోతే కనీసం సంతకమైనా ఇంకొకరి చేత పెట్టించాలి.